పిల్లికి అందని ఇల్లు

చేపల కొట్టు,
కౌంటర్ వెనక

వదినా,

ముందు ఒక మాట చెప్పు, నీ ఫోనుకి ఏమొచ్చింది? చేసి చేసి నా వేలు అరిగిపోతోంది. అన్నయ్యని అడిగితే "బైండింగ్ పని చాలా ఉందట, తలెత్తే తీరిక లేదట" అని గబగబా అప్పజెప్పేసి, లారీ హారన్ కొట్టి పెట్టేస్తాడు. నడిరోడ్డు మీద హారన్ కొట్టడం సరే, టీ తాగుతూ కూడా కొడతాడేంటి? ఆ పెద్ద ఆఫీసు వాళ్లు పాత పుస్తకాలన్నీ నీ ఒక్కదాని చేతే కుట్టిస్తున్నారా? పోనీలే, ఫోన్లో ఇలా రాసి పంపే ఉత్తరాలకైనా జవాబిస్తున్నావు, అదే పదివేలు.

నీ ఎలుకలు ఇద్దరూ బాగున్నారు. దూది నువ్వు వదిలినట్టే తెల్లగా, కడిగిన గిన్నెలా ఉంది. బొత్తాం కూడా బాగుంది. ఏమీ జరగలేదు.

అసలు సంగతికొస్తా. పక్క కొట్టు టైలర్ గారి పిల్లి ఉంది కదా, ఆ బూడిదరంగుది. ఇదివరకు నా ట్యాంకుల్లో రంగు చేపల కోసం వచ్చేది, చీపురు చూపిస్తే పోయేది. ఇప్పుడు చేపల్ని కన్నెత్తి చూడట్లేదు. నేరుగా వచ్చి నీ వాళ్ల పంజరం ముందు కూర్చుంటుంది. పంజరం తీసి బీరువా మీద పెట్టా. బీరువా ఎక్కింది. వెనక గదిలో పెట్టి తలుపేశా. వెంటిలేటర్‌లోంచి దూరింది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారే గానీ, మధ్యలో ఎలుకని కాపలా కాసేదాని సంగతి ఎవరూ చెప్పలేదు వదినా. నాకు అన్నం సయించట్లేదు.

అందుకని కూర్చుని ఆలోచించా. పిల్లి బీరువా ఎక్కుతుంది, గోడ ఎక్కుతుంది, నెత్తెక్కుతుంది. ఎక్కడికి రాదు? నీళ్లలోకి రాదు!

హోటల్ వాళ్లు చేయించుకుని తీసుకెళ్లకుండా వదిలేసిన పెద్ద ట్యాంకు ఉంది కదా, దాని నిండా నీళ్లు పోసి చేపల్ని వదులుతా. ఆ నీళ్ల మధ్యలో ఒక అద్దాల పెట్టె, లోపల పొడిగా. అందులో నీ వాళ్లు కాపురం. పెట్టె మీద నుంచి పైకి ఒక గొట్టం, దాని చివర నీళ్ల పైన ఇనుప జాలీ గది. గాలి అక్కణ్ణించే, తిండి అక్కడే. నవ్వకు. నేను అద్దాలు కోసి బతికేదాన్ని, నాకు చేతకానిది కాదు.

ఏమీ జరగలేదు, మళ్లీ చెప్తున్నా. జరక్కముందే జాగ్రత్త అంతే.

రంగు చేపలు కావాలని ఎవరో వచ్చారు. ఉంటా.

నీ ఆడపడుచు

*

మేడ మీద గది

ఆడపడుచు గారికి,

చేపల్ని చెట్టెక్కిస్తానని రాసినా ఇంత భయపడేదాన్ని కాదు. నీళ్లలో ఎలుకలా?

గాలి ఆడకపోతే? అద్దం పగిలితే? అతుకు ఊడితే? వాళ్లు అరిచినా నీళ్లలోంచి నీకు వినిపిస్తుందా? పైగా "ఏమీ జరగలేదు" అని రెండుసార్లు రాశావు. ఏమీ జరగనివాళ్లు ఒక్కసారి కూడా రాయరు.

పుస్తకాలు కొరికే జాతిని ఒళ్లో పెట్టుకుని పెంచే బైండర్ని ప్రపంచంలో నేనొక్కదాన్నే అని మీ అన్నయ్య ఎక్కిరిస్తాడు. ఎక్కిరించనీ. ఆయన ఇంటికి వచ్చేదే చుట్టంచూపుగా. నేను అట్టలు కోస్తుంటే పగలంతా నా భుజం మీద కూర్చున్నది వాళ్లిద్దరే. అక్కచెల్లెళ్లలా పెరిగారు. ఇక్కడికి తెచ్చుకునే వీలుంటే నీ మెడకి చుట్టేదాన్నా? ఇక్కడ ఎలుకల్ని గుమ్మం కూడా దాటనివ్వరు.

ఆ పిల్లిని చూస్తే ఇంకో దారి లేదంటావా? సరే, కట్టు. కానీ ఒక్క చుక్క నీరు కూడా లోపలికి రాలేదని తేలేదాకా వాళ్లని దించకు. ఒట్టు వెయ్యి. ఇల్లు కట్టాక లోపలి సామానంతా నేను చేసి పంపిస్తా. బోసి గాజు పెట్టెలో ఉంటే వాళ్లకి భయం వేస్తుంది. దాక్కోవడానికి చోటు కావాలి.

ఫోను సంగతి అడక్కు. ఈ గది గోడలు పలచన, మాట్లాడితే పక్కవాళ్లకి ఇబ్బంది.

మీ వదిన

*

చేపల కొట్టు,
ట్యాంకు ముందు

వదినా,

ఒట్టు, ఒట్టు, ఒట్టు. చాలా?

ముందు నా తెలివి విను. పెట్టె చేశా. అలవాటు కొద్దీ దాని నిండా నీళ్లు పోసి, కారట్లేదని మురిసిపోయా. ఇన్నేళ్లూ ట్యాంకులు అలాగేగా పరీక్ష చేసింది! తర్వాత వెలిగింది, దీనికి నీళ్లుండేది బయట, లోపల కాదు, అద్దాన్ని తోసేది బయట నుంచి అని. మొత్తం ఊడదీసి, అతుకులు లోపలా బయటా రెండేసి వరసలు సిలికాన్ పట్టించా. ఆరాక ట్యాంకులో దించి చెయ్యి తీశానో లేదో, పెట్టె బంతిలా పైకి లేచి నా గడ్డానికి తగిలింది. లోపలంతా గాలే కదా, మునగనంటుంది. నీళ్లన్నీ నా మీద, నేను నేల మీద. టైలర్ గారు పరిగెత్తుకొచ్చి "ఏమైందమ్మా" అంటే "స్నానం" అన్నా.

ఇప్పుడు దాన్ని ట్యాంకు అడుగుకి అంటించి, నెత్తిన నాపరాళ్లు పెట్టా. లోపల పాత న్యూస్‌పేపర్లు పరిచి వదిలేశా. వారం దాటింది. పొద్దున లేవగానే ముఖం కూడా కడక్కుండా వచ్చి చూస్తున్నా. పేపరు మీద ఒక్క మచ్చ లేదు. నీళ్లలో ఉన్న పొడి కాగితాన్ని చూస్తుంటే వింతగా ఉంటుంది వదినా, కొంచెం భయంగా కూడా. చుట్టూ అంత బరువు, మధ్యలో ఏమీ తెలియనట్టు ఒక కాగితం.

నీ సామాను రాగానే కప్పు కోసి, లోపల సర్ది, మళ్లీ అంటించేస్తా. ఆ తర్వాత నా చెయ్యి లోపలికి పోదు. గొట్టంలో వాళ్లు పడతారు గానీ నా మణికట్టు పట్టదు.

నీకు పార్సిల్లో సిలికాన్ గొట్టం పంపుతున్నా. ఏది అంటించినా దీంతోనే అంటించు. తినే పదార్థం ఏదీ లోపల ఉండకూడదని ఎలుకలమ్మే ఆయన ఒకటికి పదిసార్లు చెప్పాడు. వాసన వస్తే కొరుకుతూనే ఉంటాయట, ఆగవట. గుర్తుపెట్టుకో.

ఆయన దగ్గరికి ఎందుకెళ్లానంటావా? ఊరికే, గింజల కోసం.

నీ తడిసిన ఆడపడుచు

*

మేడ మీద గది

ఏమ్మా గడ్డం ఎలా ఉంది?

పార్సిల్ పంపాను. పుస్తకాల బీరువా ఒకటి, అందులో వరసగా చిన్న చిన్న పుస్తకాలు, అన్నిటికీ నిజం బట్ట బైండింగే. ఒక మెట్ల వరస. రెండు పడకలు. గోడకి నీలం కాగితం, దానిలో గుండ్రంగా కిటికీ కోశాను, అక్కడ కూర్చుంటే చేపలు కనిపించాలి. బీరువా అట్ట మీద అట్ట అంటించి మందంగా చేశాను, దాని వెనక దాక్కోవచ్చు.

అన్నీ నువ్వు పంపిన జిగురుతోనే అంటించాను. కంగారు పడకు.

చేతులకి పని దొరికి హాయిగా ఉంది. అంటే, ఆఫీసు పని ఉందనుకో, అది వేరు. కూర్చుని కూర్చుని కాళ్లు వాచాయి.

వాళ్లని దించిన రోజు ఫొటో పంపించు. దించేటప్పుడు దూదిని ముందు దించు. బొత్తాం పిరికిది, అక్క వెనకే పోతుంది.

మీ వదిన

*

చేపల కొట్టు,
కౌంటర్ మీద కూర్చుని

వదినా వదినా వదినా,

దించేశా!

గొట్టం లోపల జాలీ చుట్టా, పట్టుకుని దిగడానికి. దూది ఒక్క క్షణం ఆగి నా వంక చూసింది. "నన్నేం చేస్తున్నావే" అన్నట్టు. తర్వాత దిగింది. కింద అడుగుపెట్టి, మీసాలు ఆడించి, నేరుగా నీ గుండ్రం కిటికీ దగ్గరికి పోయింది. అటు పక్క నుంచి నా నారింజ చేప ఒకటి వచ్చింది. ఇద్దరూ ముక్కుకి ముక్కు ఆనించి చాలాసేపు చూసుకున్నారు. కొట్టులో ఉన్న కస్టమర్లందరూ నోళ్లు తెరిచారు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో.

బీరువా పడిపోతే వాళ్ల మీద పడుతుందని, దూరడానికి సందు వదిలి, దాని వీపు ఒక అంచుని వెనక మూల అతుకు మీద ముందే గట్టిగా అంటించేశా. అతుకు కనిపించకుండా అందంగా కూడా ఉంది.

మొదటిరోజు అద్దం లోపలంతా మంచు పట్టింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి, నీళ్లొచ్చాయనుకుని. కాదు, వాళ్ల ఊపిరి. పాత కంప్యూటర్ ఫ్యాను ఒకటి ఇంకో గొట్టానికి బిగించి లోపలి గాలి బయటికి లాగిస్తున్నా. ఇప్పుడు తేటగా ఉంది.

పిల్లి వచ్చింది. ట్యాంకు ముందు కూర్చుని అద్దం మీద పంజా వేసింది. మళ్లీ వేసింది. టైలర్ గారి కుర్చీ కింద అలిగి పడుకుంది. ఇన్నాళ్లకి నా కడుపు చల్లబడింది.

ఫొటోలు పెట్టా. చూసుకో.

నీ ఆడపడుచు

*

మేడ మీద గది

ఫొటోలు ముద్దొచ్చేలా ఉన్నాయి. చాలాసార్లు చూశాను. అందుకే అడుగుతున్నా.

బొత్తాం ఎందుకంత చిన్నదైంది?

దూది ఎందుకంత లావైంది? మొన్న పంపినదాంట్లో దాని కడుపు పక్కలకి ఉబ్బి ఉంది. గడ్డేమో అని భయమేస్తోంది. ఆడ ఎలుకలకి గడ్డలు వస్తాయి. ఎవరైనా పశువుల డాక్టరుకి చూపించు. నాకు ఉన్నది ఉన్నట్టు రాయి. మంచి మాటలు కలపకు.

*

చేపల కొట్టు,
షట్టర్ సగం దించుకుని

వదినా,

ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు. రాస్తున్నా. కూర్చుని చదువు.

నువ్వెళ్లిన మూడో వారంలో పిల్లి పంజరం తలుపు తెరిచేసింది. నేను వెనక ఇసుక కడుగుతున్నా. చప్పుడు విని వచ్చేసరికి బొత్తాం దాని నోట్లో ఉంది. చీపురు విసిరా. వదిలేసింది, కానీ అప్పటికే అయిపోయింది. దూది పంజరం మూలలో గోడకి అంటుకుపోయి ఉంది.

నీకు ఎలా రాయను? ఎలుకలమ్మే ఆయన దగ్గర అలాంటి గోధుమరంగుదే పిల్లది ఒకటి ఉంటే తెచ్చి పెట్టా. బెంగతో చిక్కిపోయిందని చెబుదామనుకున్నా. నువ్వు వచ్చేలోపు పెరుగుతుందిలే అనుకున్నా. నీళ్లలో ఇల్లు కట్టింది అందుకే. ఇంకోటి పోతే నీ ముఖం చూడలేనని.

దూదికి గడ్డ కాదు. తిండికి జాలీ గదిలోకి ఎక్కినప్పుడు డాక్టరు చూసి నవ్వాడు. కడుపుతో ఉంది. నేను తెచ్చినది మగది.

తిట్టు వదినా. తిట్టాక మాత్రం మాట్లాడకుండా ఉండకు.

*

మేడ మీద గది

నిన్నంతా రాయలేకపోయాను.

బొత్తాం మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు పుస్తకం వీపు మీద పడుకుని నిద్రపోయింది. ఆ పుస్తకం ఆరేదాకా నేను కదపలేదు. అంతే. ఇంక దాని గురించి రాయను.

నువ్వు దాచినందుకు కోపంగా ఉంది. నీ మీద కోపం ఎక్కువసేపు నిలబడదు, అది నా ఖర్మ. మగ ఎలుకని చూస్తే తెలియకపోవడం ఏంటే? అదేమైనా చేపా? తోక కింద అంత స్పష్టంగా ఉంటే! మా పి... ఇక్కడ ఇంటావిడకి చెబితే, పడీ పడీ నవ్వింది. నేను కూడా నవ్వాను, తర్వాత భయమేసి ఆపేశాను. ఎక్కువ నవ్వకూడదు నేను.

విను, ఇది సరదా కాదు. దూదిని అక్కణ్ణించి కదపకు. బయటికి తీయకు. పెట్టె కొయ్యకు, కుదపకు, నీళ్లు మార్చకు. కడుపుతో ఉన్నదాన్ని ఎక్కడున్నదాన్ని అక్కడే ఉండనివ్వాలి. చిన్న కుదుపు చాలు. నీకు తెలియదు, నాకు తెలుసు. దాన్ని అలా ఉండనివ్వు, నీకు దండం పెడతా. మగాడిని కూడా తీయకు, జాలీ గదిలో చెయ్యి పెడితే అది బెదురుతుంది.

రోజూ రాయి. ఏమీ లేకపోయినా "ఏమీ లేదు" అని రాయి.

మీ వదిన

*

చేపల కొట్టు,
ట్యాంకు ముందు స్టూలు మీద

వదినా,

పెద్దమ్మవయ్యావో అమ్మమ్మవయ్యావో నువ్వే తేల్చుకో. దూది ఈనింది!

బీరువా వెనకే. నాకు సరిగ్గా కనిపించట్లేదు, గులాబీరంగు చిక్కుడుగింజల్లా కదులుతున్నాయి. ఎన్నో తెలియదు, ఒకదాని మీద ఒకటి. నువ్వు చెప్పినట్టే దేన్నీ ముట్టుకోలేదు. ఫ్యాను కూడా మెల్లగా తిప్పుతున్నా.

నీ పుస్తకాలు మాత్రం పోయాయి. ఒక్కొక్కటీ చింపి గూడు చేసుకుంది. ఇప్పుడు బీరువా పని పట్టింది. పగలంతా దాని వీపు కొరకడమే, నాకడమే. ఇద్దరూ వంతులేసుకుని మరీ. బీరువా వెనక మూల అద్దాన్ని దూది ఎంత ప్రేమగా నాకుతుందో! పిల్లలకి ఇల్లు శుభ్రం చేస్తోందేమో, తల్లి బుద్ధి.

ఆ మూల కొంచెం చెమ్మగా ఉంది. అంతమంది ఊపిరి కదా, మంచు పడుతోంది. ఫ్యాను పెంచుదామంటే బెదురుతుందేమో అని ఊరుకున్నా.

పొద్దున్నే కొత్త ట్యాంకుల గులకరాళ్లు కడగాలి. వెనకాల ఉంటా. రాత్రికి రాస్తా.

నీ ఆడపడుచు

*

మేడ మీద గది

ఫోన్ ఎత్తు.

అది మంచు కాదు. నేను నీ సిలికాన్ వాడలేదు. బీరువా మొత్తం మైదా జిగురుతో చేశాను. ప్రతి అట్టకీ మధ్యలో మైదానే. అవి దాన్నే తింటున్నాయి. తినుకుంటూ అతుకు దాకా పోయాయి.

*

మేడ మీద గది

ఎత్తవేంటి? ఎన్నిసార్లు చేయను? నీళ్లు తోడెయ్యి. ముందు నీళ్లు తోడు. తర్వాత నన్ను తిట్టు.

*

మేడ మీద గది

దేవుడా, ఎత్తవే తల్లీ.

*

చేపల కొట్టు,
నేల మీద, గోడకి ఆనుకుని

వదినా,

నువ్వు వినే ఉంటావు సగం. ఫోన్ చేతిలోంచి పడిపోయాక ఏమైందో రాస్తున్నా. తప్పులుంటే సర్దుకుని చదువు.

వెనక నుంచి వచ్చి చూసేసరికి ఫోన్ మోగుతూనే ఉంది. నీ పేరు చూసి ముందు సంతోషపడ్డా, పిచ్చిదాన్ని. "నీళ్లు తోడు" అని నువ్వు అరిచిన అరుపుకి ట్యాంకు వైపు తిరిగా. పెట్టె అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి. నీ పడకలు తేలుతున్నాయి. మూలలోంచి సన్నగా, దారంలా, ఆగకుండా కారుతోంది.

పెద్ద గొట్టం ట్యాంకులో వేసి నోటితో లాగా. మురికినీళ్లు గొంతులోకి పోయాయి. రెండో కొస వీధిలోకి. ఇంకో గొట్టం వేశా. ఎంత వేసినా అంత ట్యాంకు ఎప్పటికి దిగుతుంది? బయట నీళ్లు బెత్తెడు దిగేలోపు లోపల ఇంకాస్త పెరుగుతోంది. సుత్తి తీసుకున్నా. ఎక్కడ కొట్టను వదినా? కొడితే నీళ్లన్నీ ముందు లోపలికే పోతాయి. సుత్తి పట్టుకుని నిలబడిపోయా.

ఆ మగాడు అందరికంటే ముందు గొట్టమెక్కి పైన జాలీ గదిలో కూర్చుని ముఖం తుడుచుకుంటున్నాడు. తండ్రంట తండ్రి!

దూది గూడు బీరువా పై అరలోకి మార్చేసింది అప్పటికే. అక్కణ్ణించి ఒక పిల్లని నోట కరుచుకుని గొట్టంలోకి దూరింది. ఎక్కుతోంది. సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో అర్థం కాలేదు. వెనక్కి దిగడం మొదలెట్టింది. మళ్లీ నీళ్లలోకి! "పైకి, పైకి పోవే" అని అరుస్తున్నా నేను, రెండో చేత్తో అద్దం మీద కొడుతూ.

అప్పుడు తలెత్తి చూశా. పిల్లి. జాలీ గది మీద కూర్చుని ఉంది. తోక ఆడిస్తూ.

కింద నీళ్లు, పైన అది. మధ్యలో ఆ గొట్టంలో, నోట్లో బిడ్డతో నీ దూది.

చేతిలో సుత్తి వదిలేశా. బకెట్టులో గులకరాళ్ల ఖాళీ గోనె తడిసి ఉంది, దాంతో పిల్లిని ఒక్క బాదు బాదా. ట్యాంకు మీద నుంచి నేల మీద, నేల మీద నుంచి వీధిలో. టైలర్ గారు "అయ్యో నా పిల్లి" అంటూ వస్తే, "దాన్ని మీ కొట్టులో పెట్టి తాళం వేసి, మీరు బకెట్టు తీసుకుని రండి" అని కసిరా. పాపం దాన్ని లోపల వేసి పరిగెత్తుకొచ్చాడు. ఆయన బకెట్లతో తోడుతూనే ఉన్నాడు, కళ్లజోడు కూడా నీళ్లలో పడిపోయింది.

దూది ఎక్కింది. పిల్లని పైన పెట్టింది. తిరిగి దిగింది. ఇంకోటి. మళ్లీ. వెళ్లిన ప్రతిసారీ తడిసి చిక్కిపోయి వస్తోంది, తెల్లటిదల్లా బూడిదరంగులో. కాస్త ఆగవే, అలుపు తీర్చుకోవే అని నేనంటూనే ఉన్నా. అది వింటుందా! చివరికి ఈదుకుంటూ పోయింది బీరువా దగ్గరికి. బయట నీళ్లు అప్పటికి బాగా దిగాయి, లోపల కారడం ఆగింది.

దాచనని చెప్పా కదా, దాచను. ఆఖరిది బతకలేదు. దూది దాన్ని కూడా నోట కరుచుకుని పైకి తెచ్చింది. మిగతావాటి పక్కన పెట్టి చాలాసేపు నాకింది. అది కదల్లేదు. తర్వాత దాన్ని వదిలేసి, మిగతావాటికి పాలిచ్చింది. ఆరుగురు ఉన్నారు. వెచ్చగా ఉన్నారు. ఇప్పుడు నా ఇంట్లో, తలుపేసిన గదిలో, ఇనుప పంజరంలో. పక్కన హీటరు.

జిగురు సంగతి వదిలెయ్. నేను బొత్తాంని దాచా, నువ్వు మైదాని దాచావు.

కానీ ఒకటి అడుగుతా. ఫోన్లో నువ్వు అరుస్తుంటే వెనక ఎవరో ఆడమనిషి కూడా అరిచింది. "మంచం దిగొద్దన్నాడు కదే డాక్టరు, ఏం చేస్తున్నావే" అని. అది మీ పిన్ని గొంతు. నాకు బాగా తెలుసు. పెళ్లిలో మైకు లేకుండా మాట్లాడిన గొంతు.

ఏ డాక్టరు? ఏం మంచం? నీకేమైంది వదినా?

*

ఆస్పత్రి,
వరండా బెంచీ మీద

అమ్మడూ,

పెద్ద ఆఫీసు ఏదీ లేదు. పిన్ని వాళ్లింట్లో మేడ మీద గదిలో, మంచం మీద ఉన్నాను ఇన్నాళ్లూ. ఎనిమిదో నెల.

ఇంతకుముందు రెండుసార్లూ నాకు నెల తప్పిందని తెలియగానే అందరికీ చెప్పాను. నీకే ముందు చెప్పాను, నువ్వు పక్కింటివాళ్లకి కూడా వినపడేలా అరిచావు, గుర్తుందా? రెండుసార్లూ తర్వాత ఒక్కొక్కరికీ మళ్లీ చెప్పుకోవాల్సి వచ్చింది, లేదు అని. మోయడం కంటే అలా చెప్పుకోవడం కష్టం. అందుకే ఈసారి పుట్టేదాకా నోరు కట్టేసుకుందామని మీ అన్నయ్యా నేనూ అనుకున్నాం. ఎలుకల దగ్గర ఉండకూడదని డాక్టరు అంటే నీకిచ్చాను. ఫోన్లో నీ గొంతు వింటే చెప్పేస్తానని ఎత్తలేదు. మీ అన్నయ్యకి అబద్ధం చేతకాక హారన్ కొట్టాడు.

నీ సిలికాన్ గొట్టం మూత తీశాను. ఆ పుల్లటి వాసనకి కడుపులో తిప్పేసి రెండు రోజులు నీళ్లు కూడా నిలవలేదు. పిన్ని భయపడి దాన్ని పెరట్లో పారేసింది. పడుకుని చేసుకునే పని అదొక్కటే నాకు. మానలేకపోయాను. పిన్ని మైదా ఉడికించి ఇచ్చింది. ఎలుకలు కొరికితే ఒక పుస్తకం పోతుంది, అంతేగా అనుకున్నాను. బీరువా వీపుని నువ్వు అతుకు మీద అంటిస్తావని ఊహించలేదు. పైగా కదపొద్దని నేనే దండం పెట్టి నీ చేతులు కట్టేశాను.

ఫోన్ చేసిన రోజు మంచం దిగి గదంతా తిరిగాను. నిన్నంతా బాగానే ఉంది. ఇవాళ పొద్దున్నించి లోపల కదలిక తగ్గినట్టు అనిపిస్తోంది. పిన్ని ఆటో పిలిచి తీసుకొచ్చింది. నర్సు పేరు రాసుకుని కూర్చోమంది. మీ అన్నయ్య లారీ ఎక్కడో దారిలో ఉంది, రేపటికి గానీ రాలేడు. పిన్ని నాకంటే ఎక్కువ వణుకుతోంది, ఆవిడకే నేను నీళ్లు పట్టిస్తున్నాను.

ఆఖరిది బతకలేదని దాచకుండా రాశావు. చదివి ఏడ్చాను. కానీ మంచిపని చేశావు. ఇప్పుడు నేను కూడా నీ దగ్గర ఏదీ దాచను.

నాకు చాలా భయంగా ఉంది. వస్తావా?

*

బస్సులో,
డ్రైవరు వెనక సీటు

వస్తావా ఏంటి వదినా, వచ్చేస్తున్నా. నీ ఉత్తరం సగం చదివి షట్టర్ దించేశా, మిగతా సగం ఆటోలో చదివా. దూదినీ పిల్లల్నీ టైలర్ గారి భార్య మా ఇంట్లోనే ఉండి చూసుకుంటుంది. పిల్లిని ఆయన వాళ్ల తమ్ముడింటికి పంపించేశాడు, నేను అడక్కముందే.

కింద మీద పడకుండా పక్కకి తిరిగి పడుకో. ఎడమ పక్కకి. నా పక్క సీటావిడ చెప్పింది, ఆవిడకి నలుగురట. ఏదైనా చల్లటిది తాగమంటోంది, కదులుతుందట. అవునో కాదో నర్సుని అడిగి తాగు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది పాపం, నేనెవరో కూడా తెలియదు.

భయపడకు అని రాయబోయి కొట్టేశా. నాకే నోరెండిపోతోంది, నీకేం చెప్పను! డ్రైవర్ని తొందరపెడితే "దిగి తోస్తావా అమ్మా" అంటున్నాడు. తోస్తాననే చెప్పా.

ఏ అంతస్తో, ఏ పక్కో రాయి. మిగతాది వెతుక్కుంటా.

*

ఆస్పత్రి,
లోపలి గది

మూడో అంతస్తు, మెట్లెక్కగానే కుడిపక్క, కిటికీ ఉన్న గది.

కడుపు మీద ఏదో పెట్టి గుండె చప్పుడు వినిపించారు. తడి బట్ట ఎవరో గబగబా ఉతుకుతున్నట్టుంది. ఉంది, కొట్టుకుంటోంది. కానీ ఇవాళే ఆపరేషన్ చేసి బిడ్డని బయటికి తీస్తామంటున్నారు, సాయంత్రం లోపు. కాగితం మీద మన వాళ్లెవరిదైనా సంతకం కావాలట. పిన్ని చెయ్యి కలం పట్టట్లేదు.

నువ్వు చేద్దువుగాని. తొందరగా రా.